జడ వైపు నుంచి: ఒక ఉబ్బెత్తు బొమ్మ పని డైరీ

రోహిణి కార్తె

చెక్క వచ్చింది. 4 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్. వెనక చుట్టూ టేకు రీపర్లు, మధ్యలో అడ్డంగా ఇంకోటి. రీపర్లు కొడుతున్నంతసేపూ వడ్రంగి అన్నకి ఒకటే అనుమానం. “బొమ్మకు ఇంత మందం ఏందమ్మా, దర్వాజ చేస్తున్నవా?” అని. కేన్వాసు మీద అయితే ఈ గోలంతా ఉండదు. కానీ కేన్వాసు ఊగుతుంది. దాని మీద సుద్ద, జిగురు కలిపిన పేస్టు అర అంగుళం ఎత్తున ఎక్కిస్తే, గోడ మీంచి దించి ఎక్కించిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట పగులు తీస్తుంది. ఉబ్బెత్తు పనికి కింద కదలనిది కావాలి.

వెయ్యబోయేది పెళ్లికూతురిని, వెనక నుంచి. ముఖం ఉండదు. జడ, జడ మీద బిళ్లలు, చివర కుచ్చులు, జాకెట్టు వీపు మీద మగ్గం పని, ఎడమ భుజం మీదుగా జారిన గద్వాల పైట. పీటల వెనక నిలబడే అక్కచెల్లెళ్లకి, మేనత్తలకి పెళ్లంతా కనిపించేది ఇదే. ముఖం పెడితే చూసేవాళ్లు కళ్ల దగ్గరే ఆగిపోతారు, నగ పక్కకి పోతుంది. పైగా నగని ముందు నుంచి వేసినవాళ్లు బోలెడు మంది. నాకు మోజు వెనక భాగం మీద: కాసులపేరు మెడ వెనక్కి వచ్చి డోరీగా మారే చోటు, ఆ డోరీ ముడి, జారిపోకుండా జాకెట్టుకి పెట్టిన పిన్నీసు.

ప్రైమర్ ముందు వైపు ఎన్ని పూతలో వెనక వైపు కూడా అన్ని పూతలు. ఎవరూ చూడని వైపు ఎందుకు అంటే, ఒక్క వైపే పూసిన చెక్క ఆరేకొద్దీ ఆ వైపుకి లాక్కుని వంగుతుంది. రెండు పక్కలా లాగితే నిటారుగా ఉంటుంది.

అదే కార్తె, ఊరు మీద పడి

ఫోన్లో రిఫరెన్స్ ఫొటోలకి కొదవలేదు. కానీ ఫొటోలో ఎత్తు తెలియదు. ఏది ఎంత పైకి లేచింది, దాని నీడ ఎంత దూరం పడింది అన్నది కళ్లారా చూడాలి. అందుకని సాలార్‌జంగ్ మ్యూజియంలో బట్టల గ్యాలరీ చూశాను (శుక్రవారం సెలవు, వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి). పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా కూడా చూశాను. రెండంతస్తులు, 176 అడుగుల పొడవు, అంతా చెక్క. వేసుకున్న బట్ట మళ్లీ వేసుకునేవాడు కాదని చెబుతారు. నా పనికి అక్కడ దొరికింది తక్కువ, నోరెళ్లబెట్టింది ఎక్కువ.

అసలు నిజాం నగలు చూద్దామంటే కుదరదు. 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లు ఇచ్చి 173 నగలు కొన్నది, 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రంతో సహా. 2001లో, 2006లో సాలార్‌జంగ్‌లో ప్రదర్శనకి పెట్టారు. ఆ తర్వాత మళ్లీ మన ఊరి ముఖం చూడలేదు, రిజర్వు బ్యాంకు లాకర్లో ఉన్నాయి. ఈ ఊరి నగలు ఈ ఊరివాళ్లు కేటలాగుల్లో చూసుకోవాల్సి రావడం ఏమిటో!

పనికొచ్చింది చార్మినార్ పక్కన గాజుల బజారు, లాడ్ బజార్. అమ్మే వీధి కాదు, దాని వెనక సందులు. అక్కడ బొగ్గుల కుంపటి మీద లక్కని మెత్తబెట్టి, దాంట్లో పొడి కలిపి పిసికి, కడ్డీగా సాగదీసి, చెక్కతో అదిమి, గుండ్రంగా వంచి రెండు కొసలూ అతుకుతారు. తర్వాత రాళ్లు. రేకు మీద వేడెక్కిన రాయిని ఒక్కొక్కటే ముల్లుతో ఎత్తి లక్కలోకి దింపుతారు. ఆ వేడికి రాయి కింద లక్క కరిగి, అంచు చుట్టూ సన్నగా పైకి లేచి, రాయిని పట్టుకుంటుంది. ఆ అంచు తల వెంట్రుకంత ఉంటుంది. నేను వంగి మరీ చూస్తుంటే అక్కడి పెద్దావిడ, “చూస్కో బేటీ, లక్క ఆగదు, చేయి ఆగొద్దు,” అంది. హైదరాబాదు లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అన్న అధికారిక ముద్ర, వచ్చింది. కుంపటి ముందు కూర్చున్న చేతులకి ఏం వచ్చిందో అడగడానికి నాకు నోరు రాలేదు.

ఇంటికొస్తూ ఆలోచిస్తే కుందన్ నగ కూడా ఇంతే. బయటికి బంగారం. లోపల గుల్ల. ఆ గుల్లని లక్కతో నింపుతారు, దాని మీద తళుకు రేకు, దాని మీద రాయి, రాయి చుట్టూ మేలిమి బంగారపు రేకుని ఒత్తి బిగిస్తారు. బరువంతా మోసేది కనపడని లక్క. ఈ బొమ్మకి ఇదే వరస అనుకున్నాను: ముందు ఊత, ఆ మీద ఎత్తు, ఆ మీద రంగు, అన్నిటికన్నా ఆఖర్న మెరుపు. అది కూడా గోరంత.

మృగశిర

మృగశిర నాడు తినే చేపల కోసం ఊరంతా రాంనగర్ మార్కెట్లో ఉంటే నేను సుద్ద పొడి కోసం బేగంబజార్లో ఉన్నాను.

పేస్టు రకరకాలుగా కలిపి ప్లైవుడ్ తుంపుల మీద పెట్టి చూశాను. మొదట చేర్యాల పటాలు, మాస్కులు చేసేవాళ్ల పద్ధతి. చింతగింజలు వేయించి, దంచి పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, నీళ్లలో ఉడికిస్తే చిక్కటి జిగురు. దాంట్లో సుద్ద. చేర్యాల పటం గుడ్డకి పూసేది దాదాపు ఇదే, మాస్కుల్లో రంపపు పొట్టుని పట్టి ఉంచేదీ ఈ చింతగింజల జిగురే. ఆరాక చాలా అందంగా ఉంటుంది, మ్యాట్‌గా, రంగుని చక్కగా తాగుతుంది. గరుకు కాగితంతో రుద్దితే గాజంత నున్నన. చిక్కల్లా వానాకాలం. చెమ్మ తగిలితే బూజు పట్టే సరుకు ఇది. చిటికెడు మైలుతుత్తం వేస్తే కొంత ఆగుతుంది. అమ్మ ఈ ఏడాది చింతపండులో తీసిన గింజలన్నీ దీనికే పోయాయి, పచ్చీసు ఆడుకోవడానికి కూడా మిగల్లేదని పిల్లల గొడవ.

రెండోది సుద్ద, ఫెవికాల్. ఇది గట్టిది, బూజు బాధ లేదు, కానీ ఆరాక రుద్దడానికి లొంగదు. మూడోది ఆర్ట్ షాపుల్లో డబ్బాల్లో దొరికే అక్రిలిక్ మోడలింగ్ పేస్టు. మూడింట్లోకీ బుద్ధిగా ఉండేది అదే, ఖరీదు మాత్రం నెత్తికెక్కుతుంది. చివరికి పంచాను: పెద్ద ఎత్తులకి ఫెవికాల్ పేస్టు, పైపొరకి అక్రిలిక్, జడ మీద మాత్రం చింతగింజలది. జడకి ఆ తాగే గుణం కావాలి.

పగుళ్ల సంగతి విడిగా రాసుకోవాలి. మందంగా ఒకేసారి పెట్టిన తుంపు ప్రతిదీ పగిలింది, ఏ జిగురైనా సరే. పైన నీరు ముందు ఆవిరై చర్మం బిగుసుకుంటుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. కుంచించుకుపోయే పైపొర చిరగక ఏం చేస్తుంది? 2 మిల్లీమీటర్లకి మించకుండా పొర మీద పొర వేస్తే ఏ బాధా లేదు. ఫ్యాను కింద పెట్టకూడదు. పైన పాలిథీన్ కవరు వదులుగా కప్పి నిదానంగా ఆరనివ్వాలి. మృగశిరలో మబ్బు పట్టడం ఈ ఒక్క పనికి కలిసొచ్చింది.

జడ కట్టాను. పాత నూలు చీర పేలికలు మూడు పాయలుగా చుట్టి, పేస్టులో ముంచి, చెక్క మీదే అల్లాను. పచ్చిగా ఉండగానే పళ్లు విరిగిన దువ్వెనతో పాయ పాయనీ దువ్వితే వెంట్రుకల గీతలు వచ్చాయి. పళ్లు సమంగా ఉన్న దువ్వెన పనికిరాదు, గీతలు మిషన్ కుట్టులాగా పడతాయి. పాయ పాయకీ మధ్య లోతుని పూడ్చకుండా వదిలేశాను. ఆ లోతుల్లో తర్వాత ముదురు నీలం పడుతుంది, నలుపు కాదు. నల్ల జడ మీద నల్ల నీడ పెడితే అంతా ఒకే ముద్దగా కనపడుతుంది.

ఆషాఢం

ముహూర్తాలు లేవు కాబట్టి మగ్గం షాపుల్లో ఊపిరి పీల్చుకునే తీరిక ఇప్పుడే. శ్రావణం వచ్చిందంటే వాళ్లని పలకరించలేం. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఇంట్లోనే మగ్గం పెట్టుకున్న ఒక అక్క, పక్కన కూర్చుని చూస్తానంటే సరేనంది.

నాలుగు కర్రల చట్రానికి బట్టని బిగించి కట్టారు, వేలితో మీటితే మోగేటంత బిగువు. ఆరీ సూది పైనుంచి దిగుతుంది, కింద చేయి దారాన్ని దాని కొక్కేనికి అందిస్తుంది, సూది ఒక మెలితో పైకొస్తుంది. చెప్పినంత నిదానంగా జరగదు ఇది, కంటికి ఆనదు. నేను వెళ్లింది జర్దోసీ కోసం. సన్నటి తీగని స్ప్రింగులా చుట్టిన చుట్ట అది. దాన్ని కత్తెరతో చిన్న చిన్న ముక్కలు కోస్తారు. కోసినప్పుడల్లా ముక్క ఎగిరి పడుతుంది, అందుకని అక్క ఒడిలో ఎప్పుడూ ఒక వెల్వెట్ గుడ్డ ఉంటుంది. ముక్క దాని మీద పడితే జారదు. ఆ ముక్కల్ని పూసల్లా దారానికి ఎక్కించి, పక్కపక్కన వాలుగా పరిచి కుడుతుంది.

మామిడిపిందె ఎలా ఉబ్బుతుందని అడిగాను. తీసి చూపించింది. బంగారు తీగ కింద ఉత్త నూలు దారం, ఒకదాని మీద ఒకటి గుట్టగా కుట్టింది. మధ్యలో ఎత్తు, అంచులకి పల్చన. “పైన జరీ ఎంత ఖరీదుదైనా, కింద దారం సక్కగ నింపకపోతే సప్పగ పండుకుంటది,” అంది. లక్క దగ్గర చూసిందే మళ్లీ ఇక్కడ.

ఇంటికొచ్చి జాకెట్టు మొదలుపెట్టాను. పేస్టు కోనులో వేసి గీయడమే. మెహందీ కోనే, గోరింటాకు బదులు పేస్టు. పల్చగా ఉంటే గీత పక్కలకి పాకుతుంది, గట్టిగా ఉంటే కోను వెనక నుంచి పగులుతుంది. గారెల పిండి పాకానికి వస్తే చాలు. ముందు పిందెల కింద ఊత, అది ఆరాక దాని మీద వాలుగా సన్న గీతలు, ఒకదాన్ని ఒకటి తాకీ తాకకుండా. గీత మొదలుపెట్టేచోట నొక్కు ఎక్కువ పడి బుడిపె వస్తుంది. దాన్ని పక్క గీత చివర కింద దాచేస్తే పోతుంది. మెడకట్టు చుట్టూ ఈ గీతలు గీస్తుంటే మెడ పట్టేసింది, పెళ్లికూతురిది కాదు, నాది.

రాళ్ల సంగతి ఇక్కడే తేల్చుకున్నాను. బజార్లో కుందన్లు, కట్ దానా, చమ్కీలు కిలోల లెక్కన దొరుకుతాయి, తెచ్చి అతికిస్తే సాయంత్రానికి పనైపోతుంది. వద్దనుకున్నాను. అతికించిన రాయి ఏ వెలుగులోనైనా అదే మెరుపు మెరుస్తుంది, చుట్టూ వేసిన రంగుని పట్టించుకోదు. చూసేవాళ్లకి రాయి కనపడుతుంది, బొమ్మ కనపడదు. ఆస్ట్రియా చిత్రకారుడు క్లిమ్ట్ 1902లో వియన్నాలో బీథోవెన్ గోడచిత్రం వేసినప్పుడు అద్దం ముక్కలు, ముత్యపు చిప్ప, కర్టెన్ రింగులు కూడా వాడాడు. తండ్రి బంగారం మీద నగిషీ చెక్కే మనిషి, ఆ పనితనం రక్తంలోనే ఉంది. కానీ ఆ గోడ మీద ఏమీ లేని ఖాళీ ఎంత ఉందో చూడండి. మన చిత్రకారుడు తోట వైకుంఠం గారు ఇంకో కొస. ఆయన తెలంగాణ ఆడవాళ్ల ముక్కుపుడకలు, కడియాలు, చీరలు అన్నీ రంగుతోనే, ఉబ్బెత్తు లేదు, రాయి లేదు, అయినా ఒంటినిండా నగ ఉన్నట్టే ఉంటుంది. నేను మధ్యలో ఎక్కడో నిలబడాలి. రాళ్లన్నీ పేస్టు బుడిపెలే, మీద రంగే. నిజం రాయి ఒక్కటే ఉంటుంది, పాపిట వెనక, జడ మొదట్లో పెట్టే రాకిడి బిళ్ల నడుమ ఎర్ర రాయి.

బోనాల వారం

గోల్కొండలో మొదలయ్యాయి, సికింద్రాబాద్ వంతు వచ్చేసరికి మా వీధిలో కూడా డప్పులు. ఇల్లంతా చుట్టాలు. పెద్దగా పని సాగలేదు. జడబిళ్లల అచ్చులు మాత్రం తీసుకున్నాను. అత్తగారి పాత జడబిళ్లల్ని మైనపు మట్టిలో ఒత్తి, ఆ గుంటలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయడమే. పైనుంచి కిందికి బిళ్లలు చిన్నవవుతూ వస్తాయి కాబట్టి ఒక్క అచ్చు సరిపోదు, ప్రతి సైజుకీ ఒకటి. కుచ్చుల గంటలకి ఎం-సీల్, కలిపి పిసికితే గట్టిపడే ముద్ద.

తర్వాత పైట

అమ్మ గద్వాల చీర. నడుము దగ్గర నూలు భాగం జల్లెడ పడిపోయింది, అంచు మాత్రం నిన్న నేసినట్టుంది. గద్వాల చీర ప్రత్యేకతే అది, నూలు ఒంటికి పట్టు అంచు. రెండింటినీ నేతలోనే ముడేస్తారు. కత్తెర పెట్టబోతుంటే నాకే చేయి ఆడలేదు. అమ్మ వచ్చి, “దాన్నేమన్నా కట్టుకుంటానా పెట్టుకుంటానా, కొయ్యి,” అని తనే కోసిచ్చింది.

ఫెవికాల్, నీళ్లు సగం సగం కలిపి ముంచి, చెక్క మీద కుచ్చిళ్లు పెట్టి, కుచ్చిళ్ల కింద ఖాళీలో పాలిథీన్ ఉండలు దోపి ఆరబెట్టాలని ప్లాను. చిన్న తుంపు మీద ముందు పరీక్ష చేస్తే నూలు, పట్టు చెరో దారి పట్టాయి. నూలు జిగురుని గటగటా తాగి బరువెక్కి వాలిపోయింది. పట్టు అంచు తాగలేదు, ఆరాక అట్టలా లేచి నిలబడింది. కాబట్టి ముంచడం మానేసి కుంచెతో పూశాను, నూలుకి పల్చగా ఒక్కసారి, అంచుకి వెనక నుంచి మాత్రమే చిక్కగా. జరీ మీద చుక్క పడనివ్వలేదు. జిగురు పడిన జరీ మీద ఆరాక పొగ కమ్మినట్టు ఉంటుంది, ఎంత తుడిచినా పోదు.

అసలు సవాలు గుడ్డ అయిపోయి రంగు మొదలయ్యే చోటు. పైట భుజం దగ్గర నిజం గుడ్డ, నడుము దగ్గరికి వచ్చేసరికి ఉత్త రంగు. మధ్యలో ఎక్కడ మారిందో తెలియకూడదు. గుడ్డ అంచు దారాలు పీకి కుచ్చుగా వదిలి, వాటిని పేస్టులో అదిమి, ఆ పేస్టు మీద ముతక గుడ్డని ఒత్తి నేత అచ్చు వేసి, అక్కడి నుంచి మడతని రంగుతో కిందికి లాగాను. వేలితో తడిమితే దొరికిపోతుంది. రెండడుగుల దూరం నుంచి దొరకదు.

బొమ్మ వెనక నేపథ్యంలో తేలియా రుమాలు (నూనె పట్టించిన దారంతో నేసే ఇక్కత్ గుడ్డ) గళ్లు, చదునుగా, ఎత్తు లేకుండా. పుట్టపాక తేలియా రుమాలులో ఎరుపు, నలుపు, తెలుపు తప్ప నాలుగో రంగుకి పెద్దగా పనుండదు. దారాన్ని నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి తీస్తారు కాబట్టి కొత్త రుమాలు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన వస్తుంది. ఇక్కత్ గళ్ల అంచులు నిఖార్సుగా ఉండవు. ముందే కట్టి అద్దిన దారం మగ్గం మీద వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతుంది, అందుకే అంచు కాస్త చెదిరి కనిపిస్తుంది. నేను టేపు అతికించి గళ్లు వేసి, తడి ఆరకముందే ఎండు కుంచెతో అంచుని ఒక్కసారి పక్కకి లాగాను. వెనకంతా గళ్లే, దాని ముందు జడ ఒక్కటే పైకి లేచి ఉంది.

ముసురు

బంగారు రేకు. అసలు బంగారం కాదు, రాగి, జింకు కలిసిన రేకు. కింద జాజు రంగు పూత వేశాను. రేకు మధ్యలో ఎక్కడ చీలినా తెలుపు కాకుండా ఆ ఎరుపు కనపడుతుంది, నగ నాలుగు తరాలు వాడినట్టుంటుంది. రేకు జిగురు పూయగానే పాలలా ఉంటుంది, తేటపడ్డాక వేలి కణుపుతో తాకి చూడాలి. అంటుకోకుండా, కానీ పట్టుకుని వదిలినట్టు అనిపించాలి. ముసురులో ఆ తేటపడటమే ఆలస్యం. ఫ్యాను ఆపేసి, కిటికీలు మూసేసి, ఊపిరి బిగపట్టి పని. రేకుని జడబిళ్లలకి పైభాగంలోనే, వెలుగు తగిలే వైపే పెట్టాను. అవతలి వైపు పసుపు, గోధుమ రంగులే. మొత్తం రేకు చుట్టిన బిళ్ల ఒకటి పక్కన పెట్టి పోల్చాను. చుట్టిన బిళ్ల చదునుగా ఉంది, సగం రంగు వేసిన బిళ్ల గుండ్రంగా ఉంది. నగకి గుండ్రదనం ఇచ్చేది నీడ వైపే. మెరుపు ఆ నీడ పక్కన ఉంటేనే మెరుపు.

ఈ రేకు చేతి చెమట తగిలితే నల్లబడుతుంది కాబట్టి పైన లక్క పాలిష్ పూయాలి. వడ్రంగి అన్నకి ఫోన్ చేస్తే, “ముసురుల పాలిష్ ఎయ్యకు, తెల్లగైతది,” అని ఒక్క మాటలో తేల్చేశాడు. నిజమే. స్పిరిట్ ఆవిరవుతూ పైన చల్లబరిచి, గాలిలో చెమ్మని పొరలోకి లాగుతుంది. ఎండ కోసం ఎదురుచూడటమే.

శ్రావణం

రెండు రోజులు తెరిపిచ్చింది. పాలిష్ అయింది, ఎక్కడా తెల్లబడలేదు. తూకం వేయాలంటే ఇంట్లో బాత్రూం మిషనే గతి. బొమ్మని పట్టుకుని ఎక్కి, నా బరువు తీసేస్తే 17 కిలోల పైన. మేకులు పనికిరావు. గోడకి డ్రిల్లు చేసి ఫాస్టనర్లు, బొమ్మ వెనక రీపరుకి వాలుగా కోసిన చెక్క పట్టీ, గోడకి దాని జోడీ పట్టీ. ఒకదాంట్లో ఒకటి కూర్చుంటుంది. వడ్రంగి అన్నే కోసిచ్చాడు.

వెలుగు విషయంలో ఇంట్లో ఎవరి మాటా వినలేదు. ఎదురుగా ట్యూబ్‌లైటు వేస్తే ఇన్ని పొరల ఎత్తూ మాయమై వాల్‌పేపరులా కనపడుతుంది. ఎడమ పైనుంచి, గోడకి దగ్గరగా, వాలుగా పడే ఒక్క చిన్న ఎల్ఈడీ పెట్టించాను. జర్దోసీ గీతలన్నీ విడివిడిగా లేచాయి. జడ పాయల మధ్య నీలం కనపడింది.

మగ్గం అక్క పని ఒత్తిడిలోనే ఒక పూట వచ్చింది. జడని చూడలేదు, రేకుని చూడలేదు, తిన్నగా వీపు దగ్గరికి వెళ్లి మెడకట్టు పిందెల మీద వేలు పెట్టింది. “ఇక్కడ వరస తప్పింది, మూడో పిందె అటు తిరగాలె,” అంది. నేను కావాలనే తిప్పానని, డోరీ ముడి నీడ దాని మీద పడాలని చెప్పాను. కాసేపు చూసి తల ఊపింది. తర్వాత ఫోన్ తీసి, వీపు ఒక్కదాన్నే దగ్గరగా ఫొటో తీసుకుంది. వచ్చే వారం పెళ్లి జాకెట్టుకి ఒకామె డిజైన్ అడుగుతోందట. “బోట్ నెక్ అయితే పిందెలు కొంచెం చిన్నగ చెయ్యాలె గానీ, ఇది నడుస్తది. నువ్వేం పైసలు అడగవు కద?” అంది. అడగనన్నాను, ఆ జాకెట్టు పూర్తయ్యాక నాకు ఒకసారి చూపించాలని మాట తీసుకున్నాను.